కనబడని అతుకు

విశాఖపట్టణమునకు కొంత దూరమున, పెద్దబాట ప్రక్కనే యున్న యొక గ్రామములో ఒక కమ్మరి కుటుంబము కలదు. తాతముత్తాతల నాటినుండియు ఆ యింట కొలిమి ఆరలేదు. నాగళ్లకు కఱ్ఱులు సాగగొట్టుట, బండిచక్రములకు ఇనుపపట్టాలు తొడుగుట, కొడవళ్లకు కక్కు కొట్టుట వారికి కూడు పెట్టిన విద్యలు. క్రమముగా కాలము మారెను. పొలములలో ఎడ్లు తగ్గి ట్రాక్టరులు పెరిగెను. అందుచేత ఆ యింటి చిన్నకుమారుడు కొలిమి ప్రక్కనే ఒక రేకుల పాక వేసి వెల్డింగు షాపు పెట్టెను. ఇండ్లకు గేట్లు చేయుట, కిటికీలకు ఊచలు బిగించుట, ట్రాక్టరు ట్రక్కులను బాగుచేయుట అతని పనులు.

సాయంకాలమున బడి విడిచిన పిల్లలు ఆ పాక ముందర ఆగి చూచెడివారు. చిటచిట ధ్వనితో నీలి తెల్లని వెలుగు మెఱయుచుండును. నిప్పురవ్వలు చిచ్చుబుడ్డివలె చిమ్ముచుండును. లోపలినుండి అతడు, “పిల్లలారా! ఇటు చూడకుడు. కండ్లు పోవును!” అని కేక వేయును. పిల్లలు నవ్వుచు పరుగెత్తెడివారు. వారిలో నొకడు మాత్రము పోక నిలిచెడివాడు. అతడు ఆ షాపువాని యన్నకుమారుడు. చిన్నాయన చేతిలోని కడ్డీ కరగి రెండు ఇనుపముక్కలను ఒకటిగా చేయుట అతనికి ఇంద్రజాలమువలె తోచెడిది. పదవ తరగతి ముగిసిన తోడనే ఆ పాకలో పనికి కుదురవలెనని అతడు నిశ్చయించుకొనెను. ఇంటివారికిని అది నచ్చెను. మఱియొక సంవత్సరము శిక్షణకని పోగొట్టుకొనుట యెందులకు? పని ఇంటనే యున్నది. గురువు ఇంటనే యున్నాడు.

అతడు పరీక్షలు వ్రాసిన వేసవిలో ఒక సంగతి జరిగెను. ఊరి రైతు ఒకడు తన ట్రక్కు ముందరి లాగుడుకడ్డీ విరుగగా, దానిని ఆ షాపులో అతికించుకొని పోయి అప్పటికి రెండు నెలలయ్యెను. ఆ యతుకు చూచుటకు ఎంతో యందముగా నుండెను. చేపపొలుసులవలె వరుసదీరి మెఱయుచుండెను. ఒకనాటి మాపు, కూలీలు కొందఱు ఆ ట్రక్కులో నెక్కి తోటపనినుండి మరలుచుండగా, కాలువగట్టు ఎక్కుచోట ఆ కడ్డీ అతుకువద్దనే పుటుక్కున విరిగెను. ట్రక్కు వెనుకకు దొర్లి, గట్టు వాలున నున్న చింతచెట్టునకు తగిలి ఆగెను. ఆ చెట్టు లేకున్నచో అది కాలువలో పడియుండెడిది. ప్రాణనష్టము కలుగలేదు. కాని ఒక స్త్రీకి చేయి విరిగెను; ఇరువురి తలలకు దెబ్బలు తగిలెను.

షాపువాడు పరుగున పోయి, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చి, రాత్రికి ఆ విరిగిన కడ్డీముక్కను ఇంటికి తెచ్చెను. దీపము దగ్గఱ పెట్టి ముగ్గురును చూచిరి. ఆ కడ్డీ బొటనవ్రేలంత మందము కలది. దాని యంచు చుట్టును గోరుమందమున మాత్రమే క్రొత్తలోహము పట్టియున్నది. నడుమనంతయు రంపముతో కోసిన పాతగీతలు అట్లే యున్నవి. అవి నిప్పును ఎఱుగనే లేదు.

“నాయనా, ఈ యతుకు చర్మమునకు పట్టినది గాని యెముకకు పట్టలేదు” అని ముసలితాత కొడుకుతో ననెను.

“బాగుగనే చేసితిని, నాన్నా. పైకి ఎక్కడను లోపము కనబడలేదు.”

“కనబడకపోవుటయే దాని లోపము. కొలిమిలో అతుకునపుడు మేము రెండు కొనలను ఏటవాలుగా సాగగొట్టెడివారము. వెలిగారము చల్లి, తెల్లని కాక వచ్చిన పిమ్మట ఒకదానిపై నొకటి పెట్టి సుత్తితో మోదెడివారము. కొన సిద్ధము కానిదే అతుకు మాట తలపెట్టెడివారము కాము. అది మా తండ్రి నాకు చెప్పినాడు. ఈ కరెంటు నిప్పునకు ఏ కట్టుబాటు కలదో నీకెవరు చెప్పిరి?”

షాపువాడు బదులు చెప్పలేదు. పదునాఱవయేట అతడు పట్టణములో నొక షాపున చేరి, యజమాని చేతిని చూచి, పని నేర్చినవాడు. ఎట్లు చేయవలెనో చూచెను. ఏల చేయవలెనో అచట చెప్పువారు లేరు. ఆ రాత్రి అతనికి నిదుర పట్టలేదు. మఱునాటి యుదయమున అన్నకుమారుని పిలిచి, కడ్డీముక్కను గుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టెను.

“నా చేయి నేర్చినది, దానికి కారణము తెలియదు. నీవు నావద్ద చేరవలదు. కారణము చెప్పుచోటికి పొమ్ము. దీనిని వారికి చూపి అడుగుము” అని యతడు పలికెను.

కారణము చెప్పు ఆ చోటు పారిశ్రామిక శిక్షణ సంస్థ. జనులు దానిని ఐ.టి.ఐ. కాలేజీ యందురు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిదప, పరిశ్రమలకు వలయు నిపుణులైన పనివారిని తయారుచేయుటకై భారతప్రభుత్వము 1950లో వృత్తిపనివారి శిక్షణ పథకమును ప్రారంభించెను. శిక్షణకు దేశమంతట నొకే ప్రమాణము ఉండవలెనని 1956లో జాతీయ వృత్తిశిక్షణ మండలి యేర్పడెను. ఈ పథకమున ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, టర్నరు మొదలగు అనేక వృత్తులతోపాటు వెల్డరు వృత్తియు కలదు. దాని శిక్షణకాలము ఒక సంవత్సరము. పదునాలుగేండ్లు నిండి, ఎనిమిదవ తరగతిలో ఉత్తీర్ణులైనవారు బాలురైనను బాలికలైనను ఇందులకు అర్హులు. అయినను పదవ తరగతి ముగించి చేరుట మేలు. అట్టివారికి ఇతర వృత్తులలోను, పై చదువులలోను ప్రవేశము సులభమగును.

ప్రవేశము కోరువారు ప్రకటన వెలువడినపుడు గడువులోగా ఆన్‌లైనులో దరఖాస్తు చేసికొనవలెను. మార్కుల పట్టిక, బడి మార్పిడి పత్రము, చదివిన పాఠశాలల ధ్రువపత్రములు, కులధ్రువీకరణము, ఆధారు మున్నగువానిని సిద్ధముగా నుంచుకొనవలెను. మార్కులనుబట్టియు, రిజర్వేషను నియమములనుబట్టియు వరుస నిర్ణయించి, కౌన్సెలింగునకు పిలుతురు. అచట మిగిలియున్న వృత్తులలో తనకు నచ్చినదానిని విద్యార్థి యెన్నుకొనును. ఇచట తొందరపాటు కూడదు. మిత్రుడు చేరెనని కాని, తొలుత దొరికినదని కాని వృత్తిని ఎన్నుకొన్నవాడు నడుమనే విడిచిపెట్టుట కలదు.

బాలుడు చిన్నాయనతో కలిసి కౌన్సెలింగునకు పోయెను. అతని మార్కులకు మఱి రెండు వృత్తులలోను చోటు కలదు. “వెల్డరే యేల కోరుచున్నావు?” అని యచటి యుద్యోగి యడిగెను. “ఒక అతుకు విరిగినదండీ. అది ఏల విరిగినదో తెలిసికొనవలెను” అని యతడు చెప్పెను. ఉద్యోగి చిఱునవ్వు నవ్వి అతని పేరు వ్రాసికొనెను.

ఇంటివద్ద తల్లికి మాత్రము దిగులు తీరలేదు. మఱది కండ్లు తఱచుగా ఎఱ్ఱబడి, రాత్రులు ఇసుక పోసినట్లు మండుట ఆమె చూచినది. శిక్షణాలయములో మొదటి పాఠము ఆ దిగులును గూర్చినదే యయ్యెను. శిక్షకుడు విద్యార్థుల చేతికి నిప్పు నీయలేదు, ముసుగు నిచ్చెను. వెల్డింగు వెలుగులో కంటికి కనబడు కాంతి మాత్రమే కాక, కనబడని అతినీలలోహిత కిరణములును, పరారుణ కిరణములును కలవు. అతినీలలోహిత కిరణములు తగిలిన కంటికి అప్పుడేమియు తెలియదు. కొన్ని గంటల పిమ్మట మంట ఆరంభించును. అందుచేత 10 లేక 11 వ సంఖ్యగల నల్లని యద్దము పొదిగిన ముసుగు లేనిదే చాపమువైపు చూడరాదు. చలువ కళ్లజోడు అందులకు చాలదు. తోలు చేతొడుగులు, తోలు ముందుగుడ్డ, మూసిన బూట్లు, నూలుబట్టలు ధరింపవలెను. నైలాను బట్టలు రవ్వ తగిలినంతనే కరగి ఒంటికి అంటుకొనును. తడిచేతులతో హోల్డరును ముట్టరాదు. జింకు పూత పూసిన ఇనుమును మూసిన గదిలో అతుకరాదు. దాని పొగ పీల్చినవానికి జ్వరము వచ్చును.

గ్యాసు వెల్డింగునకును కట్టుబాట్లు కలవు. ప్రాణవాయువు సిలిండరు నలుపు. ఎసిటిలీన్ సిలిండరు ముదురెఱుపు. ఒకదాని మర కుడివైపునకు తిరుగును, రెండవదాని మర ఎడమవైపునకు తిరుగును. ఒకదానికి చేర్చవలసిన గొట్టమును పొరపాటున మఱియొకదానికి చేర్పకుండుటకే ఈ యేర్పాటు. ప్రాణవాయువు సిలిండరు మూతకు నూనె, గ్రీజు తగులనీయరాదు. తగిలినచో అగ్ని లేకయే భగ్గున మండవచ్చును. ఎసిటిలీన్ సిలిండరును నిలువుగనే యుంచవలెను. ఈ సంగతులలో నొకటియు చిన్నాయన పాకలో ఎన్నడును చెప్పబడలేదని బాలుడు గుర్తించెను.

పిమ్మట నిప్పు వచ్చునని అతడు ఆశపడెను. రాలేదు. ఇనుపరంపముతో పలకలు కోయుట, ఆకురాయితో అంచులు రాచుట, మూలమట్టముతో సరిచూచుట, దినదినమును ఇదియే పని. అరచేతులు బొబ్బలెక్కెను. “అతుకు నేర్చుటకు వచ్చితిమి గాని రాచుటకు వచ్చితిమా?” అని కొందఱు గొణిగిరి. ఇరువురు మానివేసిరి. ఇతనికిని మానవలెనని ఒకటి రెండు మాఱులు తోచెను. పెట్టెలోని కడ్డీముక్క అతనిని పోనీయలేదు.

తుదకు చాపము వెలిగించు దినము వచ్చెను. విద్యుద్ధారకు సంబంధించిన రెండు కొనలను తాకించి, కొంచెము ఎడము చేసినచో, ఆ సందున గాలి మండుచున్నట్లు వెలుగు పుట్టును. అది విల్లువలె వంగి కనబడుటచే దానికి చాపమని పేరు. ఆంగ్లశాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ పందొమ్మిదవ శతాబ్దారంభమున దీనిని ప్రదర్శించెను. రష్యా దేశమునకు చెందిన నికొలాయ్ బెనార్డోస్ 1880 తరువాతి సంవత్సరములలో బొగ్గుకడ్డీతో చాపము పుట్టించి లోహములను అతికెను. 1888లో స్లవ్యానోవ్ అనునతడు బొగ్గునకు మారుగా లోహపుకడ్డీనే వాడెను. కడ్డీయే కరగి అతుకులో చేరెను. ఇరువదవ శతాబ్దారంభమున స్వీడను దేశస్థుడు ఆస్కర్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పైపూత పూసెను. ఇనుము 1,538 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరగును. చాపము వేడిమి 3,500 డిగ్రీలను మించును.

పైపూత యెందులకు? కరగిన ఇనుము గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని పీల్చినచో గుల్లయగును, పెళుసగును. పైపూత కాలి పొగయై గాలిని దూరముగా నెట్టును. కరగి చిట్టెమై లోహముపై కప్పువలె పఱచుకొని అది నెమ్మదిగా చల్లారునట్లు చేయును. కడ్డీలకు తేమ తగిలినచో అందలి ఉదజని లోహములో చేరి, అతుకు చల్లారిన గంటలకు గాని, దినములకు గాని లోపల బీటవాఱవచ్చును. పాకమూలలో తడినేలపై పడియుండు కడ్డీలకట్ట బాలునికి జ్ఞప్తికి వచ్చెను.

ఒకనాడు శిక్షకుడు మందమైన పలకలను అతుకు విధమును చెప్పుచుండెను. పలుచని రేకుల అంచులను ఉన్నవున్నట్లు చేర్చి అతుకవచ్చును. మందమైన పలకలకు అట్లు కుదరదు. చాపము వేడిమి కొంతలోతు వఱకే కరగింపగలదు. అందుచేత రెండు పలకల అంచులను ఏటవాలుగా కోసి, చేర్చినపుడు నడుమ సుమారు 60 డిగ్రీల కోణముతో లోయ యేర్పడునట్లు చేయవలెను. అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడువవలెను. మొదటి వరుస ఆ యడుగును కరగించి వేళ్లూనవలెను. చిట్టెమును పూర్తిగా కొట్టి, తీగెబ్రష్షుతో శుభ్రము చేసి, రెండవ వరుస, దానిపై మూడవ వరుస వేయుచు లోయను నింపవలెను. చిట్టెము లోపల నిలిచిపోయినచో అచట అతుకు లేనట్లే.

బాలుడు లేచి పెట్టెలోని కడ్డీముక్కను తెచ్చి శిక్షకుని చేతిలో పెట్టెను. శిక్షకుడు దానిని చాలసేపు త్రిప్పి చూచెను.

“దీనిని అతికినవాని చేయి మంచిది. ఈ వరుస చూడుడు, ఎంత తీరుగా నున్నదో! కాని అంచును ఏటవాలు చేయలేదు; సందు విడువలేదు. కావున నిప్పు లోపలికి పోవుటకు దారి లేకపోయెను. బొటనవ్రేలంత కడ్డీ మోయవలసిన బరువును గోరంత లోహము మోసినది. మీరిన్నాళ్లు ఆకురాయి పట్టి విసిగితిరే, ఆ రాపిడి దీనికి జరుగలేదు. అతుకులో సగము నిప్పు వెలుగకముందే అయిపోవును” అని యతడు చెప్పెను.

తరగతి నిశ్శబ్దమయ్యెను. కొనను సిద్ధము చేయనిదే అతుకు మాట తలపెట్టమన్న తాత మాటయే పుస్తకములోని మాటయు నగుట చూచి బాలుడు ఆశ్చర్యపడెను. ఇది వింత కాదు. ఢిల్లీలో మెహ్రౌలీవద్ద నున్న యినుపస్తంభము ఏడు మీటర్లకు పైగా ఎత్తును, ఆఱు టన్నులకు పైగా బరువును కలది. సుమారు 1,600 సంవత్సరముల క్రిందట గుప్తుల కాలమున ఇనుపముద్దలను కాల్చి, ఒకదానికొకటి సుత్తిదెబ్బలతో అతికి దానిని నిర్మించిరి. పనిముట్లు మాఱినవి గాని, లోపలివఱకు ఒకటి కానిది అతుకు కాదను నియమము నాటికిని నేటికిని ఒక్కటే.

ఆ వారమే శిక్షకుడు ఓడల కథ చెప్పెను. పూర్వము ఓడల పలకలను రివెట్లతో బిగించెడివారు. 1920లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్డున, ఫుల్లగార్ అను ఓడను రివెట్లు లేక కేవలము వెల్డింగుతో కట్టిరి. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా దేశము లిబర్టీ ఓడలనబడు సరకుల ఓడలను వెల్డింగు మూలముననే మిక్కిలి వేగముగా కట్టెను. 1941 నుండి 1945 వఱకు 2,700లకు పైగా కట్టబడెను. పురుషులు యుద్ధమునకు పోగా వేలకొలది స్త్రీలు ముసుగులు ధరించి ఆ రేవులలో వెల్డర్లుగా పనిచేసిరి. ఈ మాట చెప్పునపుడు తరగతిలోని ఇరువురు బాలికలు ఒకరినొకరు చూచుకొనిరి.

1943 జనవరి 16వ తేదీ రాత్రి, ఓరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లాండు రేవున, క్రొత్తగా కట్టిన షెనెక్టడీ అను నూనె ఓడ గట్టునకు కట్టబడి నిశ్చలముగా నుండెను. తుపాను లేదు, శత్రువు లేడు. హఠాత్తుగా పెద్ద ధ్వనితో దాని నడుము విరిగెను. మఱికొన్ని ఓడలకును ఇట్టి పగుళ్లు కలిగెను. మొదట నింద వెల్డర్లపై పడెను. అతుకులలో లోపములు కలవను మాట నిజమే. కాని అంతటితో కథ ముగియలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కాన్‌స్టన్స్ టిప్పర్ అను శాస్త్రజ్ఞురాలు పరిశోధించి, ఆ పలకల యుక్కే మిక్కిలి చలిలో పెళుసగునని చూపెను. రివెట్ల ఓడలో పగులు ఒక పలక అంచున ఆగిపోవుటకు వీలుండెను. వెల్డింగు ఓడ అంతయు ఒకే పలకవంటిది గనుక పగులు ఆగక పరుగెత్తెను. చతురస్రముగా కోసిన ద్వారముల మూలలు పగులు పుట్టుటకు తావులయ్యెను. ఉక్కును, రూపమును, అతుకును మార్చిన పిమ్మట ఓడలు నిలిచెను.

“ఈ కథలో నీతి యేమి?” అని శిక్షకుడు అడిగెను. “మంచి అతుకు వేయవలెనండీ” అని యొకడనెను. “అది సగము. తప్పు జరిగినపుడు నీ యతుకు మంచిదని చూపగలవాడవు కావలెను. కారణము తెలియనివాడు తన తప్పును దిద్దుకొనలేడు, తన తప్పు కానిదానిని త్రోసిపుచ్చనులేడు” అని శిక్షకుడు చెప్పెను.

చూపుట యెట్లు? అందులకు పరీక్షలు కలవు. అతికిన పలకనుండి బద్దను కోసి, అతుకు నడుమకు వచ్చునట్లు వంచుదురు, బీటలు పడరాదు. అతుకుపై రంపముతో గంటుపెట్టి, సుత్తితో విఱుగగొట్టి లోపలి కడుపును చూతురు. రంగునీరు పూసి తుడిచి, సన్నని పగుళ్లను బయటపెట్టుదురు. గొప్ప కర్మాగారములలో, విఱుగగొట్టుటకు వీలులేనిచోట, ఎక్స్‌రే కిరణములతోను, చెవికి వినరాని శబ్దతరంగములతోను లోపలిభాగమును పరీక్షింతురు. ఎవరు ఏ యతుకు వేసిరో గుర్తుసంఖ్యతో నమోదు చేయుదురు.

బాలుని మొదటి పలకను గంటుపెట్టి విఱుగగొట్టిరి. పైన నిగనిగలాడుచుండెను, లోపల చిట్టెము నల్లని చారలై పడియుండెను. ఆ చారలను చూడగా చింతచెట్టు మొదలు అతనికి కన్నులకు గట్టెను. అతడు మాఱుపలుకక మఱల రంపము పట్టెను. రెండవ పలకయు విరిగెను. నాలుగవ పలక వంగెను గాని విరుగలేదు. దాని పైవరుస చిన్నాయన వరుసంత అందముగా లేదు. శిక్షకుడు దానిని చూచి, “అందము అభ్యాసమున వచ్చును. నిజము ముందు రావలెను” అని మాత్రమే పలికెను.

సంవత్సరాంతమున అతడు అఖిలభారత వృత్తిపరీక్ష వ్రాసి, చేతిపనిలోను ఉత్తీర్ణుడై, జాతీయ వృత్తి ధ్రువపత్రమును పొందెను. 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టముననుసరించి, ఇట్టివారికి కర్మాగారములలో కొంత భృతితో పని నేర్చుకొను అవకాశము కలదు. విశాఖపట్టణమువంటి నగరమున అట్టి చోట్లు అరుదు కాదు. అచటి నౌకానిర్మాణకేంద్రమునకు 1941లో పునాది పడెను. స్వతంత్రభారతమున కట్టబడిన జల ఉష అను ఓడ 1948లో అచటనే నీటిలోనికి దిగెను. బాలుడు ఆ నగరములోని యొక కర్మాగారమునకు అప్రెంటిసుగా ఎంపికయ్యెను.

పోవుటకు ముందు వారము దినములు ఇంట నుండెను. మొదటిదినమున చిన్నాయన తన పనిని ఆపి, ముసుగు తీసి, “చెప్పుము. ఏల విరిగినది?” అని యడిగెను. అతడు నేలపై సుద్దతో రెండు పలకలను గీసి, వాని అంచులను ఏటవాలుగా చెఱిపి చూపెను. చిన్నాయన చాలసేపు ఆ గీతలను చూచెను. వయస్సులో చిన్నవాడు చెప్పుచున్నాడని అతడు సిగ్గుపడలేదు. ఆ వారములోనే పాకలో మూడు మార్పులు జరిగెను. నల్లని యద్దమునకు మారుగా సరియైన సంఖ్యగల అద్దము వచ్చెను. కడ్డీల కట్టలు తడినేలనుండి లేచి, మూతగల డబ్బాలోనికి చేరెను. గ్రైండరుతో అంచును ఏటవాలు చేయనిదే మందమైన కడ్డీని అతుకుట మానబడెను. ఇందుచే పని ఆలస్యమగుచున్నదని విసుగుకొన్నవారు కలరు. వేఱొక షాపునకు పోయినవారును కలరు. అతడు వారిని ఆపలేదు.

చేయి విరిగిన స్త్రీ యింటికి ప్రతి సంక్రాంతికిని ఆ కుటుంబము బియ్యమును, క్రొత్తచీరను పంపును. ఆమె చేయి పూర్వమువలె పైకి లేవదు. విరిగిన కడ్డీముక్క ఇప్పుడు షాపుగోడకు మేకున వ్రేలాడుచున్నది. ఇదియేమని వచ్చినవారు అడుగుదురు. “ఇది నా గురువు” అని షాపువాడు చెప్పును.

గేటుపై, వంతెనక్రింద, బస్సు చట్రమున, ఆసుపత్రి ప్రాణవాయువు గొట్టమున ఎందఱో వెల్డర్ల అతుకులు కలవు. వానిని అతికినవారి పేర్లు మనకు తెలియవు. వాని లోపలిభాగమును మనము చూడలేము. అయినను ప్రతిదినము వానిని నమ్మి నడచుచున్నాము, ప్రయాణము చేయుచున్నాము, ఊపిరి పీల్చుచున్నాము. ఒక విద్యాలయమున చేరి వృత్తిని శాస్త్రముతో నేర్చుట జీతముకొఱకు మాత్రమే కాదు. ముఖమెఱుగని జనుల ఆ నమ్మకమునకు తగినవాడగుటకు. పైవరుసను కన్ను చూచును. లోపలి యతుకును చేసినవాని మనస్సే చూడవలెను.